చేతిమీద చేయి
క్యోటో నగరమున ఒక విద్యార్థిని గడపిన దినము

జపాను దేశము పేరు వినగానే మనలో అనేకులకు ముందుగా స్ఫురించునవి వేగముగా పోవు రైళ్ళు, గడియారములు, మోటారు వాహనములు, నానావిధములైన యంత్రసామగ్రి. పెద్దవారికి తాము మొట్టమొదట కొన్న ట్రాన్సిస్టరు రేడియో కూడ జ్ఞప్తికి రావచ్చును. ఇన్ని క్రొత్త వస్తువులను లోకమునకు పంపిన ఆ దేశమే కొన్ని పురాతనములైన అలవాట్లను నేటికిని నిలుపుకొని వచ్చుచున్నదని విందుము. ఇది ఎట్లు సాధ్యమైనది? పాతదానిని అద్దాల బీరువాలో భద్రపరచుట ఒక పద్ధతి. దానిని దినదినము వాడుచు, వాడుటను మరియొకరికి నేర్పుచు కాపాడుట వేరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతి ఎట్టిదో ఒక విద్యార్థిని అనుభవము నాధారము చేసికొని వివరింప నుద్దేశించుచున్నాము.

మా మిత్రుల కుమార్తె యొకతె ఓసాకా నగరమున ఇంజనీరింగు విద్య నభ్యసించుచున్నది. గడచిన వేసవిలో ఇంటికి వచ్చినపుడు, ఒక సెలవునాడు క్యోటో నగరమున తాను గడపిన దినమును గూర్చి మాకు తీరికగా చెప్పెను. ఆమె చెప్పిన మాటలకు ఆ దేశచరిత్రలోని కొన్ని విషయములను జోడించి ఇచ్చట పొందుపరచుచున్నాము.

ఓసాకా నుండి క్యోటోకు రైలులో అరగంట ప్రయాణము. క్రీ. శ. 794 మొదలు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము వరకు, అనగా వేయేండ్లకు పైగా, అది జపాను చక్రవర్తులకు రాజధాని. నేడది యాత్రికుల నగరము. ఆమె స్టేషను వెలుపలికి రాగానే చూచిన దృశ్యమేమనగా, అద్దెకు తెచ్చుకొన్న కిమోనోలు ధరించి, ఛాయాచిత్రములు తీయించుకొనుచు గుంపులు గుంపులుగా పోవుచున్న పరదేశీయులు. సాయంకాలము కాగానే ఆ వస్త్రములను దుకాణములో ఒప్పగించి వారు వెడలిపోవుదురు. “నేనును ఒక్క దినమునకే వచ్చితిని గదా! వారికిని నాకును భేదమేమి?” అను సందేహము అప్పుడే ఆమెకు పుట్టినది. ఆ సందేహమును వెంటబెట్టుకొనియే ఆమె దినమంతయు తిరిగెను.

ఉదయము ఆమె మొదట దర్శించినది సంజూసంగెండో అను బౌద్ధాలయము. ఆ పేరునకు ముప్పదిమూడు అంకణముల మందిరమని అర్థము. అది రమారమి 120 మీటర్ల పొడవుగల కొయ్యకట్టడము. 1164లో మొదట నిర్మింపబడి, 1249లో అగ్నికి ఆహుతియై, 1266లో మరల కట్టబడినది. లోపల నడుమ కూర్చున్న పెద్ద విగ్రహమొకటి, ఇరుప్రక్కల బారులు తీరి నిలుచున్న విగ్రహములు వేయి, మొత్తము వేయిన్నొకటి. అన్నియు కరుణామూర్తియైన అవలోకితేశ్వరునివే. జపానీయులు ఆ మూర్తిని కన్నోన్ అని కొలుతురు. ఆనాటి మంటలనుండి 124 విగ్రహములను మాత్రము రక్షింపగలిగిరి. తక్కినవన్నియు తరువాతి శిల్పులు చెక్కినవి.

ఆ బారులకు కాపలాగా ఇరువదియెనిమిదిమంది పరివారదేవతలు నిలిచియున్నారు. వారిలో బోన్‌టెన్ అనబడువాడు మన బ్రహ్మదేవుడు. తైషాకుటెన్ అనబడువాడు ఇంద్రుడు. పక్షిముఖముతో వేణువు నూదుచున్న కరూరా మన గరుత్మంతుడు. స్వదేశమునకు ఇంత దూరమున గరుత్మంతుని చూచి తనకు పెద్దవారెవరో ఎదురైనట్లు తోచినదని ఆ అమ్మాయి చెప్పెను. ఇది వింత కాదు. బౌద్ధముతోపాటు మన దేవతలును, మన ఆచార్యుల పేళ్ళును చీనా, కొరియాల మీదుగా ఆ దీవులు చేరినవి. నాగార్జునకొండ పేరులో మనము నిలుపుకొన్న ఆచార్య నాగార్జునుని జపాను బౌద్ధులు ర్యూజు అను పేరుతో, ఎనిమిది సంప్రదాయములకు మూలపురుషునిగా నేటికిని గౌరవింతురు. ఆ మందిరములో ఛాయాచిత్రములు తీయరాదు. ఫోను సంచిలో పెట్టి కన్నులతోనే చూడవలసి వచ్చినందున, ఆ దినమున చూచినవానిలో తనకు బాగుగ గుర్తున్నది ఆ మందిరమే యని ఆమె అభిప్రాయము.

అటనుండి ఆమె ఒక వృద్ధురాలి ఇంటికి వెళ్ళినది. ఆమె పేరుగాంచిన కళాకారిణి కాదు. యౌవనమునుండి తేనీటి విధానము నేర్చి, నలుగురికి నేర్పుచున్న గృహిణి. ఈ తేనీటి విధానమును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను.

తేయాకు జపానుకు చీనానుండి వచ్చినది. 1191లో అచటినుండి తిరిగివచ్చిన ఐసాయి అను భిక్షువు విత్తనములు తెచ్చి నాటించి, పొడిచేసిన ఆకును వేడినీటిలో కలిపి త్రాగు అలవాటును వ్యాపింపజేసెనని ప్రసిద్ధి. మొదట నది ఔషధము. భిక్షువులకు ధ్యానవేళ నిద్ర రాకుండ కాపాడు పానీయము. పిమ్మట ప్రభువుల విలాసమైనది. దానిని ఒక జీవనవిధానముగా తీర్చిదిద్దినవాడు 1522 నుండి 1591 వరకు జీవించిన సెన్ నో రిక్యూ. ఆయన ప్రభువైన హిదెయోషి బంగారు రేకులు తాపిన తేనీటి గదిని చేయించుకొనగా, రిక్యూ రెండే చాపలు పట్టు మట్టిగోడల గదిని నిర్మించెను. తుదకు ఆ ప్రభువు ఆజ్ఞచేతనే ఆయన ప్రాణత్యాగము చేసికొనవలసి వచ్చినది. కారణమేమో చరిత్రకారులు నేటికిని చర్చించుచునే యున్నారు. బంగారు గది నశించినది. మట్టిగోడల గది క్యోటోకు సమీపమున యమజాకి గ్రామమున, జాతీయనిధిగా ఇప్పటికిని నిలిచియున్నది. రిక్యూ వంశజులు స్థాపించిన మూడు సంప్రదాయములు క్యోటోలో విద్యను కొనసాగించుచున్నవి.

తేనీటి గదికి అతిథి తిన్నగా పోరాదు. చిన్న తోటగుండ, తడిపిన రాళ్ళపై నడచి, రాతితొట్టిలోని నీటితో చేతులు, నోరు శుభ్రపరచుకొనవలెను. గది ప్రవేశద్వారము అడ్డముగాను నిలువుగాను సుమారు 66 సెంటీమీటర్లు మాత్రమే. ఎంతటివాడైనను వంగి, మోకాళ్ళపై ప్రాకి లోనికి పోవలసినదే. పూర్వము యోధులు కత్తిని వెలుపల కొయ్యకు తగిలించి పోయెడివారు. లోపల ఒక గూటిలో వ్రాతపటము, ఒక పువ్వు మాత్రముండును. మన అమ్మాయి కూర్చుండిన తరువాత చాలసేపు ఎవరును మాటాడలేదు. మౌనము భరింపరానిదగుచుండగా ఇనుపబాన లోపలినుండి ఒక సన్నని ధ్వని వినవచ్చినది. కాగుచున్న నీటి సవ్వడి యది. బాన అడుగున చిన్న ఇనుపముక్కల నతికించి ఆ సవ్వడిని శ్రుతిచేయుదురు. దానికి ‘దేవదారు వృక్షములలోని గాలి’ అని జపానీయులు పేరిడినారు. శబ్దమును నమ్ముకొని జీవించు మాకు ఈ సంగతి మిక్కిలి నచ్చినది. నీరు కాగుటను కూడ వినదగిన విషయముగా భావించిన జాతి అది.

ఇక తేనీరు. దీనికి వాడు తేయాకు చెట్లను కోతకు ముందు మూడువారములకు పైగా నీడ కప్పి పెంచుదురు. ఆకును ఆవిరిపట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసి, రాతి తిరుగలిలో మెల్లగా విసరుదురు. ఒక గంట విసరినచో రాలు పొడి 40 గ్రాములు మాత్రమే. వడిగా విసరినచో వేడిచేత రంగు, వాసన చెడునట. ఆ పచ్చని పొడిని గిన్నెలో వేసి, వేడినీరు పోసి, వెదురు కవ్వముతో గిలకొట్టుదురు. ఆ కవ్వము ఒకే వెదురుముక్కను సన్నని పుల్లలుగా చీల్చి చేసినది. దానికి ప్రసిద్ధిచెందిన గ్రామము నారా మండలములోని తకయామా. పాలు లేవు, పంచదార లేదు. చేదు తెలియకుండుటకు ముందుగా తీపిపదార్థము తినిపింతురు.

గిన్నె చేతికి రాగానే త్రాగరాదు. ప్రక్క అతిథితో “మీకంటె ముందు పుచ్చుకొనుచున్నాను, క్షమింపుడు” అని చెప్పవలెను. గిన్నెను ఎడమ అరచేత నుంచి, కుడిచేతితో రెండుసార్లు కొంచెముగా త్రిప్పి త్రాగవలెను. మన అమ్మాయి ఇంజనీరు గదా, “ఎందుకు త్రిప్పవలెను?” అని అడిగెను. వృద్ధురాలు చిరునవ్వు నవ్వి, “ముందు త్రిప్పుము” అనిరి. ఆమె త్రిప్పి, త్రాగి, అంచు తుడిచి గిన్నె దింపిన పిమ్మట కారణము చెప్పిరి. గిన్నెలో అందమైన వైపును గృహస్థు అతిథికి ఎదురుగా ఉంచును. ఆ మర్యాదను గుర్తించిన అతిథి, ఆ వైపున పెదవి నాన్చక, త్రిప్పి మరియొక వైపున త్రాగును. ఇచ్చువాడు తన మంచి భాగము నిచ్చుచున్నాడు. పుచ్చుకొనువాడు దానిని వినయముతో తప్పించుకొనుచున్నాడు. ఆ చిన్న కదలికలో ఇంత యున్నది. కాని ముందు చేయి నేర్వవలెను, పిమ్మట బుద్ధి గ్రహింపవలెను. వారి విద్యలన్నిటను క్రమమిదియే.

ఆ గంటసేపు మోకాళ్ళు మడచి మడమలపై కూర్చుండవలెను. “బాబాయిగారూ, లేవబోతే కాళ్ళు నావో, వేరొకరివో తెలియలేదండీ” అని ఆమె నవ్వుచు చెప్పెను. లేవబోయి ప్రక్కకు ఒరిగి, గిన్నెకు జానెడు దూరమున చేయి ఆన్చి నిలద్రొక్కుకొన్నది. సిగ్గుతో కన్నీళ్ళు వచ్చినవి. అప్పుడు మనసులోని సందేహమును దాచుకొనలేక, “నేను ఒక్కదినము వచ్చి పోవుదానను. ఇది వేషము కట్టుటవంటిది కాదా?” అని అడిగివేసెను. వృద్ధురాలు కొంచెమాలోచించి, “మా యింటికి నలువది యేండ్లుగా వచ్చుచున్నవారు కలరు. వారికిని మొదటిదినము ఒక్క దినమే. రెండవదినము వచ్చుట, రాకపోవుట ఎవరి చేతిలోనిది వారిదే. నా పని తలుపు తీసియుంచుట” అనిరి. ఇటీవల ఆ తలుపులో ప్రవేశించువారు తగ్గినారనియు, వచ్చువారిలో ఎక్కువమంది తలనెరసినవారే యనియు, తమ కుమార్తెకే దీనికి తీరికలేదనియు కూడ దాచక చెప్పిరి.

జపానులో అంతయు సురక్షితముగ నున్నదని మనము భ్రమపడరాదు. ఆ దేశమునకును ఈ బాధ కలదు. కాని దానిని గుర్తించి, శాసనరూపమున పూనుకొన్న దేశములలో అది మొదటి వరుసలోనిది. 1949 జనవరిలో హోర్యూజి ఆలయమున అగ్నిప్రమాదము సంభవించి పురాతన కుడ్యచిత్రములు చెడిపోయినవి. దేశమంతయు కలతచెందినది. మరుసటి సంవత్సరము, 1950లో, సాంస్కృతిక సంపదల రక్షణకై శాసనము చేసిరి. దానిలోని విశేషమేమనగా, కట్టడములు, చిత్రములవలెనే, చేతిలోని నేర్పు కూడ సంపదయే యని అంగీకరించుట. కుండలు చేయువారు, నేతగాండ్రు, నటులు మున్నగువారిలో ఉత్తములను ఎన్నుకొనుట 1955లో ప్రారంభమైనది. ప్రజలు వారిని ‘జీవించియున్న జాతీయనిధులు’ అందురు. ప్రభుత్వము వారికి ఏటేట ఇచ్చు ధనము ప్రధానముగా తమ విద్యను పెంపొందించుకొని శిష్యులకు నేర్పుటకు ఉద్దేశింపబడినది.

శాసనములకు ఎంతో పూర్వమే వారికీ యుక్తి తెలియును. ఇసే క్షేత్రములోని ముఖ్యాలయమును ఇరువది యేండ్లకొకసారి ప్రక్క స్థలములో సరిగా పూర్వపు కొలతలతోనే క్రొత్తగా నిర్మించి, పాతదానిని విప్పివేయుదురు. ఈ ఆచారము ఏడవ శతాబ్దిలో ఆరంభమైనది. యుద్ధముల కారణమున నడుమ కొంతకాలము ఆగినను, 2013లో జరిగినది 62వ పునర్నిర్మాణము. ఇరువదేండ్ల వయసున ఉలి పట్టుట నేర్చిన వడ్రంగి, నలువదింట ప్రధానమైన పనిచేయును, అరువదింట పనిచేయించును. అచట నిలుపుకొన్నది కొయ్య కాదు, కొయ్యపని.

మధ్యాహ్నభోజనమును గూర్చి రెండు మాటలు చాలును. శాకాహారులకు జపానులో ఒక చిక్కు కలదు. కూరగాయల వంటకమైనను అడుగున నుండు చారులో ఎండుచేప సారము చేరియుండుట కద్దు. ఆలయముల సంప్రదాయ భోజనములో మాత్రము సముద్రపునాచు, పుట్టగొడుగులతో చారు కాతురు. ఆమె అట్టి భోజనమునే చేసినది. తినుటకు ముందు అచటివారందరును చేతులు జోడించి ‘వినయముతో పుచ్చుకొనుచున్నాను’ అను అర్థముగల ఒక మాట పలుకుదురు.

అపరాహ్ణమున ఆమె చేరినది ఒక లేఖనాచార్యుని పాఠశాల. జపానులో కుంచెతో అక్షరములు వ్రాయుట కేవలము పండితుల విద్య కాదు. ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతినుండి పిల్లలందరును నేర్తురు. ముందుగా సిరా. మసి, జిగురు కలిపి చేసిన కడ్డీని, నీటిచుక్కలు వేసిన రాతిపలకపై నూరవలెను. పలకలో నీరు నిలుచు పల్లమునకు ‘సముద్రము’ అనియు, నూరు మిట్టకు ‘నేల’ అనియు పేళ్ళు. సీసాలలో సిద్ధముగా సిరా దొరకుచుండగా నూరుట ఎందులకన్నచో, నూరునంతసేపటిలో మనసు కుదుటపడునని ఆచార్యుల సమాధానము. కాగితము కోజో అను చెట్టునారతో చేసినది. నార నీటిలో సమముగా తేలుటకు, మన బెండజాతికి చెందిన ఒక మొక్క వేరునుండి తీసిన జిగురు కలుపుదురు. అట్టి చేతికాగితముపై 702వ సంవత్సరమున వ్రాసిన జనాభా పట్టికలు నేటికిని చదువవీలుగా నారా నగరమున భద్రముగా నున్నవి.

ఆచార్యులకు డెబ్బదియేండ్లు దాటినవి. ఆయన గోడమీది పట్టికను చూపి అక్షరములను చదివించిరి. ‘అ, ఇ, ఉ, ఎ, ఒ’ యని ఆరంభము. పిమ్మట ‘క, స, త, న, హ, మ, య, ర, వ’. మన అమ్మాయి చెవి నిక్కించెను. ఇది మన వర్ణమాల నడకయే గదా! నిజమే. సంస్కృత వర్ణక్రమము నభ్యసించిన బౌద్ధభిక్షువుల మూలమున ఈ వరుస జపానుకు వచ్చినది. ‘స’ వరుస మన చవర్గపు స్థానమున నున్నది. ‘హ’ వరుసకు పూర్వకాలమున ‘ప’ ఉచ్చారణ యుండెడిది గావున అది పవర్గపు స్థానమున నిలిచినది. టవర్గము వారి నోట లేదు గావున లేదు. శ్రోతలు ఒకమారు పైకి చదివి చూచినచో ఈ బంధుత్వము చెవికే తెలియును.

తరువాత కుంచె నిచ్చిరి. ‘శాశ్వతము’ అను అర్థముగల ఒక అక్షరము కలదు. అందు ఎనిమిది విధములైన గీతలుండుటచే దానిని అభ్యాసమునకు వాడుదురు. కుంచెను ఎచట ఆపవలెను, ఎచట ఎగురవేయవలెను, ఎచట జారవిడువవలెను అన్నదే పాఠము. పదిసార్లు వ్రాసినను గీత వణకినది. అప్పుడాయన వెనుకకు వచ్చి మోకరించి, ఆమె చేతిమీద తన చేయి వేసి, కుంచెను నడపిరి. ఆ క్షణమున ఆమెకు బియ్యపు పళ్ళెము జ్ఞప్తికి వచ్చినది. అక్షరాభ్యాసమునాడు తాతగారు తన వ్రేలు పట్టి బియ్యములో దిద్దించిన స్పర్శ, ఆ ముసలి అరచేతి వెచ్చదనము, ఇరువదేండ్ల పిమ్మట తిరిగి వచ్చినది. తాతగారు ఇప్పుడు లేరు.

ఆచార్యులు ఆమె ముఖము చూచి కారణమడిగి తెలిసికొని, “అయినచో మీ అక్షరమును వ్రాయుడు” అనిరి. ఆమె ‘అ’ వ్రాయబోయి ఆగిపోయినది. ఎచట మొదలిడవలెను? లోపలి చుట్టునుండియా, వెలుపలి వంపునుండియా? పదవ తరగతి తరువాత తాను తెలుగు చేతితో వ్రాయనేలేదు. ఇంటికి పంపు వార్తలన్నియు ఫోనులో ఆంగ్లాక్షరములతోనే. ఆమె కన్నులు మూసికొని, వ్రేలిని గాలిలో త్రిప్పి చూచుకొన్నది. బుద్ధికి రానిది వ్రేలికి వచ్చినది. కుంచె ముంచి వ్రాసెను.

ఆయన దానిని చాలసేపు చూచి, “ఇది నాకు రాదు. నేర్పుడు” అని ఆమె ఎదుట మడమలపై కూర్చుండి కుంచె పట్టిరి. ఆమె సంకోచించెను. ఆయన చేయి చాచియే యుంచిరి. అంతట ఆమె లేచి, ఆయన వెనుకకు పోయి, ఆ వృద్ధుని చేతిమీద తన చేయి వేసి ‘అ’ దిద్దించెను. పిమ్మట ఆయన ఒంటరిగా మరియొకటి వ్రాసిరి. అచటి పాఠశాలలలో శిష్యుని వ్రాత బాగున్నచో గురువు ఎఱ్ఱసిరాతో చుట్టు గీయుట ఆచారము. ఆయన ఎఱ్ఱకుంచెను ఆమె చేతికిచ్చి, తలవంచి తీర్పునకై కనిపెట్టుకొని యుండిరి.

ఉదయము పుట్టిన సందేహమునకు అది సమాధానమా యని ఆమెను మేమడుగలేదు. ఒక దినములో ఒక దేశపు సంస్కృతిని తెలిసికొనుట అసంభవము. కాని నేర్చుకొనుటకు చేయి చాచినవానికే తనవద్ద నున్నదేమో, మరచినదేమో తెలియునని ఆమె మాటలవలన మాకు తోచినది. వేసవిలో ఇంటనున్న నెల దినములును ఆమె అన్నగారి బిడ్డకు ప్రతి ఉదయము పలకమీద దిద్దించెనని తల్లిదండ్రులు చెప్పిరి.

ఆ కాగితమునకు పటము కట్టించి మా మిత్రులు తమ ముందుగదిలో తగిలించినారు. దానిమీద రెండు ‘అ’కారములున్నవి. ఒకటి నిండుగా, గట్టిగా నున్నది. రెండవది వంకరగా, వణకుచు, పసిబిడ్డ వ్రాసినట్లున్నది. దానిచుట్టు ఎఱ్ఱసిరాతో గీసిన చుట్టు కలదు.